పెద్దల వ్రాత: తెఱచుట, దిద్దుట, రూపు మార్చుట



పూర్వము మన యిండ్లలో పెద్దలు వ్రాసికొనిన గ్రంథములు అటుకమీద నుండెడివి. చెదలు తినక మిగిలినచో మనుమల కందెడివి. నేటి పెద్దలు కంప్యూటరులో వ్రాయుచున్నారు. అచట చెదలు లేవు గాని వేఱొక చిక్కు కలదు. వ్రాత చెక్కుచెదరక యున్నను, తెఱచు విధము తెలియనిచో అది లేనిదానితో సమానమే. ఈ సంగతి నాకు గత సంవత్సరము అనుభవమునకు వచ్చినది.

నాకు బడిచదువు స్వల్పము. మా నాన్నగారే వీధియరుగుమీద కూర్చుండబెట్టి రఘువంశము, భారతము, భాగవతము చెప్పిరి. కడపటి దినములలో వారికి చేయి వణకి కలము పట్టుట కష్టము కాగా, మా తమ్ముడు కంప్యూటరులో వెల లేని యొక సాఫ్టువేరు నమర్చి యిచ్చెను. నాన్నగారు ఒక్కొక్క మీట నొక్కుచు, గజేంద్రమోక్షణ పద్యములకు ప్రతిపదార్థమును విశేషములను రెండేండ్లు వ్రాసిరి. వారు పోయిన పిమ్మట ఆ వ్రాత ఒక పెన్ డ్రైవులో నా చేతికి వచ్చినది. సంవత్సరీకమునాటికి దానిని చిన్న పుస్తకముగా ముద్రించి బంధువులకు పంచవలెనని సంకల్పించితిమి. అప్పటికి నెలదినముల గడువే యున్నది.

పట్నములో నొక టైపు దుకాణమునకు పోతిని. ఫైలుపేరు తుదను "ఓడీటీ" అను అక్షరము లుండెను. అచటి కుఱ్ఱవాడు వానిని చెరిపి, తన కలవాటైన అక్షరములను చేర్చి తెఱవబోయెను. అది తెఱచుకొనలేదు. పిమ్మట నోట్‌ప్యాడులో తెఱచెను. మొదట "పీ, కే" అను రెండు ఆంగ్లాక్షరములు, వాని వెనుక తెరనిండ అర్థము లేని గుర్తులు కనబడెను. "ఫైలు పాడైపోయిందమ్మా, ఇంక రాదు" అనెను. ఇల్లు చేరువఱకు నాకు కన్నీరాగలేదు.

ఆ రాత్రి మా వారు బడినుండి వచ్చి సంగతి విని, ముందుగా ఫైలుకు పాతపేరు మరల పెట్టిరి. పేరు మార్చినంతమాత్రమున వస్తువు మారదు గదా! తరువాత లిబ్రే ఆఫీసు అను ఉచిత సాఫ్టువేరుతో తెఱచిరి. తలపైన శ్రీకారము మొదలు తుదిపద్యమువఱకు నాన్నగారి వ్రాత యంతయు అట్లే యున్నది. చెడినది ఫైలు కాదు. మాకు దాని స్వరూపము తెలియకపోవుటయే చెడుపు.

ఆ స్వరూప మెట్టిదనగా, ఓడీటీ యనునది ఒక్క పత్రము కాదు, ఒక మూట. 1989లో ఫిల్ కాట్జ్ అను అమెరికా దేశీయుడు కల్పించిన జిప్పు పద్ధతిలో కట్టిన మూట యిది. నేను చూచిన "పీ, కే" ఆయన పేరులోని మొదటి అక్షరములే. ఈ మూటను తాళపత్రముల కట్టతో పోల్చవచ్చును. మనము వ్రాసిన విషయము ఒక ఫైలులోను, అక్షరముల పరిమాణము, అంచులు మున్నగు అమరిక వేఱొకదానిలోను ఉండును. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి అను వివరము గ్రంథాంతగద్యవలె మఱొకదానిలో నుండును. బొమ్మలకు ప్రత్యేకముగా అఱ కలదు. వీనికన్నిటికిని ఒక పట్టికయు కలదు.

ఈ కట్టు విధానమును ఏ వర్తకుడును రహస్యముగా దాచుకొనలేదు. 2005లో ఓయాసిస్ అను సంస్థ దీనిని ప్రమాణముగా అంగీకరించి నియమములను లోకమునకు ప్రకటించినది. 2006లో ఐసో అను అంతర్జాతీయ ప్రమాణసంస్థయు దీనిని స్వీకరించినది. బ్రిటిష్ ప్రభుత్వము 2014లో, తన కార్యాలయములలో దిద్దదగిన పత్రములు పంచుకొనుటకు ఈ కుటుంబపు రూపములనే ఎన్నుకొన్నది. నియమములు బహిరంగములు గనుక, నేటి సాఫ్టువేరు రేపు పోయినను మఱియొకరు తెఱచు సాధనమును చేయగలరు. మన పెద్దల వ్రాతకు ఇంతకంటె పెద్ద రక్ష ఏమున్నది?

తెఱచు విధము

లిబ్రే ఆఫీసు విండోసు, మాకు, లినక్సు కంప్యూటరు లన్నిటికిని ఉచితముగా లభించును. ఫైలుమీద మౌసు కుడిమీట నొక్కి, "ఓపెన్ విత్" అనుచోట దానిని ఎన్నుకొనవలయును. మైక్రోసాఫ్టు వర్డు 2007 ప్రతియు, 2009లో వచ్చిన సవరణలతో ఈ రూపమును తెఱచుట నేర్చినది. ఏ సాఫ్టువేరును లేనివారు గూగుల్ డ్రైవులోనికి ఎక్కించి గూగుల్ డాక్సులో తెఱువవచ్చును. ఫోనులో తెఱచుటకు కొలాబోరా ఆఫీసు కలదు. ఏది చేసినను ముందుగా నకలు తీసికొని, ఆ నకలుతోనే పని చేయుడు. మూలమును ముట్టకుడు.

దిద్దు విధము

లిబ్రే ఆఫీసులో తెలుగువారు తెలిసికొనవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. అందులో తెలుగు లిపి "కాంప్లెక్సు టెక్స్టు లేఔటు" అను వర్గమునకు చెందినది. ఆంగ్లమునకు వేఱు ఫాంటు, తెలుగునకు వేఱు ఫాంటు. ఫాంటు మార్చినను తెలుగక్షరములు మారలేదని విసుగుకొనువారు టూల్సులోని ఆప్షన్సులో భాషల విభాగమునకు పోయి, ఈ వర్గమును అనుమతించి, అందు తెలుగును ఎన్నుకొనవలయును. పిదప అక్షరముల అమరికలో తెలుగు ఫాంటును విడిగా నిర్ణయింపవచ్చును.

పద్యమునకు, అర్థమునకు, విశేషమునకు వేర్వేఱు "స్టైలు"లు ఏర్పఱచుకొన్నచో, ఒక్కచోట మార్పు చేసిన పుస్తకమంతటను మారును. నూఱు పద్యములను ఒక్కొక్కటిగా సవరించు శ్రమ తప్పును.

పెద్దల వ్రాతను దిద్దునపుడు "ట్రాక్ చేంజెస్" అను సౌకర్యమును తప్పక వాడుడు. మనము తీసివేసినది గీతతోను, చేర్చినది రంగుతోను కనబడును. ఇష్టము లేనిచో త్రోసిపుచ్చవచ్చును. నాన్నగారు మీట తప్పి నొక్కినచోట్ల నేను నిస్సంకోచముగా దిద్దితిని. కాని ఒక పద్యమునకు అరుగుమీద నాకు చెప్పిన యర్థము వేఱు, ఇందు వ్రాసినది వేఱు. ఏది ఉంచవలెనో తెలియక రెండు దినములు తపించితిని. తుదకు వారు వ్రాసినది వ్రాసినట్లే యుంచి, నాకు చెప్పినదానిని పుట క్రింద సూచికగా చేర్చితిని. రెండును వారివే గదా!

రూపు మార్చు విధము

వర్డు వాడువారికి పంపుటకు "సేవ్ యాజ్" అనుచోట డాక్సు రూపమును ఎన్నుకొనవలయును. మార్చిన పిమ్మట పట్టికలు, పుటక్రింది సూచికలు, బొమ్మల స్థానములు సరిచూడవలయును. ఎదుటివారి కంప్యూటరులో మన ఫాంటు లేనిచో పంక్తులు జరిగి పుటలు మారును. ఓడీటీగనే పంపునపుడు ఫైలు ప్రాపర్టీసులో ఫాంటును లోపలనే ఇముడ్చు ఏర్పాటు కలదు.

చదువుటకును ముద్రణకును పీడీఎఫ్ మేలు. మనము చూచినట్లే ఎల్లరకును కనబడును. కాని పీడీఎఫ్‌ను మరల దిద్దదగిన వ్రాతగా మార్చుట, కాల్చిన అట్టును మరల పిండిగా చేయబూనుటవంటిది. కావున పీడీఎఫ్ చేతికి వచ్చినదని ఓడీటీని పాఱవేయరాదు. లిబ్రే ఆఫీసులో పీడీఎఫ్‌లోపలనే ఓడీటీని ఇమిడ్చి యుంచు ఉపాయమును కలదు. దానిని హైబ్రిడ్ పీడీఎఫ్ అందురు.

మఱొక హెచ్చరిక. పాతకాలపు తెలుగు ఫాంట్లలో టైపు చేసిన వ్రాతలు యూనికోడులో నుండవు. అవి తెలుగు వేషము వేసికొన్న ఆంగ్లాక్షరములే. అట్టివానికి ఫైలురూపు మార్చిన చాలదు. అక్షరములనే యూనికోడునకు మార్చు సాధనము వేఱుగా వాడవలయును. అటు పిమ్మట ఆసాంతము చదివి సరిచూడవలయును.

ఫైలుకు తాళము వేయునపుడు సంకేతపదమును ఇంటిలో నొకరికైనను చెప్పియుంచుడు. దానిని మఱచినచో నియమములు ఎంత బహిరంగములైనను తాళము రాదు.

మా పుస్తకము సంవత్సరీకమునకు రెండు దినముల ముందు చేతికందినది. ఓడీటీ మూలమును మా యింటి కంప్యూటరులోను, తమ్ముని యింటను, ఒక పెన్ డ్రైవులోను ఉంచితిమి. మా పదేండ్ల అమ్మాయికి తెఱచు విధము నేర్పితిని. దుకాణమువారు "పోయినది" అన్నంతనే నమ్మి, పెద్దల వ్రాతను విడిచిపెట్టకుడు. ఈ నాలుగు మాటలు ఏ యొక్క యింటనైనను ఒక తండ్రి వ్రాతను, ఒక అమ్మమ్మ పాటను నిలిపినచో నా శ్రమ ఫలించినట్లే.