కప్పు మీది నీటికి దారి చూపుదాం

ఇల్లు కట్టుకునేటప్పుడు గదుల కొలతల గురించి, తలుపుల చెక్క గురించి, గోడల రంగు గురించి ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచిస్తారు. కప్పు మీద పడిన వాన నీరు ఎటు పోవాలన్న ప్రశ్నను మాత్రం చాలామంది మేస్త్రీకే వదిలేస్తారు. గృహప్రవేశం తర్వాత దాని ఊసే ఉండదు. గోడ మీద చెమ్మ మరక కనిపించిన రోజునో, అర్ధరాత్రి కప్పు ఉరిసి పరుపులు తడిసిన రోజునో తూములు, గొట్టాలు గుర్తుకు వస్తాయి. అప్పటికి బయట వాన జోరుగా కురుస్తూ ఉంటుంది. ఆ వేళ చేయగలిగింది స్వల్పం. చేయవలసినదంతా వానకు ముందే చేయాలి.

ఒక చిన్న లెక్క

ఒక చదరపు మీటరు స్థలంలో ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది సరిగ్గా ఒక లీటరు నీరు. 100 చదరపు గజాల కప్పు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 8,400 లీటర్ల నీరు చేరుతుంది. ఇంటి పైన పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఎనిమిదింటిని నింపినా ఇంకా మిగిలే నీరది. దారి మూసుకుపోయి అదంతా కప్పు మీదే నిలిస్తే నాలుగు అంగుళాల లోతున, ఎనిమిది టన్నులకు పైగా బరువుతో ఇంటివారి తలల మీద ఉంటుంది.

ఇది అరుదైన వాన కాదు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దానిని భారీ వర్షం అంటుంది. 115.6 మిల్లీమీటర్ల నుంచి అతి భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. మన రెండు రాష్ట్రాలలోనూ ఇటువంటి వానలు పలుమార్లు చూశాం. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన కుండపోతలో బండ్లగూడ ప్రాంతంలో గోడ కూలి ఇళ్ల మీద పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. గోడలను నీటికి దూరంగా ఉంచడం కేవలం రంగు పాడవకుండా చూసుకునే విషయం కాదు. పాత రాతి గోడలు, మట్టి అడుసుతో కట్టిన గోడలు ఉన్న ఇళ్లలో అది ప్రాణ రక్షణకు సంబంధించిన విషయం.

ముందు గాలి, తర్వాత నీరు

తుపానులోనూ, వేసవి చివర వచ్చే గాలివానలోనూ సాధారణంగా గాలి ముందు వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు పచ్చని చెట్లు ఆకులు రాలి మోడులయ్యాయి. ఆ ఆకులలో కొన్ని మన కప్పుల మీదికి కూడా చేరతాయి. వెనుక వచ్చిన వాన వాటిని నేరుగా తూము వద్దకు ఈడ్చుకుపోతుంది. తూము నోటికి ఒక మామిడాకు అడ్డం పడితే దాని వెనుక పది ఆకులు చేరతాయి. వాటి మీద ఒక ప్లాస్టిక్ కవరు పరచుకుంటే చాలు, కాసేపటికే దారి మూసుకుపోతుంది.

ఆకులే కాదు. సంక్రాంతి రోజుల్లో తెగిపడిన గాలిపటాలు, మాంజా దారం, పావురాల ఈకలు, గూటి పుల్లలు, కప్పు మీద మిగిలిపోయిన ఇసుక, సిమెంటు పెళ్లలు ఇవన్నీ తూముకు శత్రువులే. ఒక మదర్సాలో సామాన్ల గదిలోని బియ్యం బస్తాలు ఒకే రాత్రిలో తడిసిపోయాయి. ఉదయం కప్పు ఎక్కి చూస్తే తూములో విద్యార్థులు ఆడుకునే రబ్బరు బంతి ఇరుక్కుని ఉంది.

తూము, వాలు, గొట్టం

డాబా ఇళ్లలో మొదట చూడవలసినది వాలు. కప్పు మీద పది అడుగుల దూరానికి కనీసం ఒక అంగుళానికి కొంచెం పైగా వాలు తూము వైపు ఉండాలి. వాన వెలిసిన గంట తర్వాత కప్పు మీద ఎక్కడెక్కడ నీరు నిలిచి ఉందో చూసి సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఎండలు వచ్చాక ఆ పల్లాలను మేస్త్రీతో సరిచేయించవచ్చు.

రెండవది గొట్టాల సంఖ్య, వెడల్పు. వెడల్పు సగమైతే నీరు పోయే మార్గం నాలుగో వంతుకు తగ్గుతుంది. కాబట్టి నాలుగు అంగుళాల గొట్టం ఉండవలసిన చోట రెండు అంగుళాల గొట్టం పెట్టడం పొదుపు కాదు. సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకు, అంటే దాదాపు 50 గజాలకు, ఒక నాలుగు అంగుళాల గొట్టం చొప్పున లెక్క వేసుకుంటే మంచిది. కప్పు చిన్నదైనా రెండు తూములు ఉండడం మేలు. ఒకటి మూసుకున్నా రెండవది ఆదుకుంటుంది.

మూడవది జాలీ. బల్లపరుపుగా ఉండే జాలీ మీద ఒక్క ఆకు పరచుకున్నా నీరు ఆగిపోతుంది. బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బి ఉండే జాలీ అయితే అడుగున ఆకులు చేరినా పైభాగం నుంచి నీరు దిగుతుంది. పాత గుడ్డలు, దోమతెరల ముక్కలు తూముకు కట్టకండి.

నాలుగవది చాలా ఇళ్లలో లేనిది, ఖర్చు తక్కువైనది. పిట్టగోడకు, కప్పు మట్టం నుంచి రెండు మూడు అంగుళాల ఎత్తులో ఒక అదనపు రంధ్రం పెట్టించి చిన్న గొట్టం బిగించాలి. తూములన్నీ మూసుకున్న రోజున నీరు ఆ దారిన బయటికి పోతుంది. అక్కడి నుంచి నీరు పడుతున్నదంటే తూము మూసుకున్నదని హెచ్చరిక కూడా అందినట్టే.

గొట్టాలను ఏటా పరీక్షించాలి. పైన పేరుకున్న చెత్తను ముందు చేతితో తీయాలి. కర్రతో లోపలికి నెడితే అది మలుపు వద్ద ఇరుక్కుంటుంది. తర్వాత రెండు బకెట్ల నీరు ఒక్కసారిగా పోసి, కింద ఎంత వేగంగా వస్తున్నదో చూడాలి. గోడకు గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపులు వదులైతే ఈదురుగాలికి గొట్టం ఊగి అతుకుల వద్ద విడిపోతుంది. అప్పుడు నీరంతా గోడలోకే దిగుతుంది. తూము పక్కన రావి, మర్రి మొలకలు కనిపిస్తే చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తీసి, పగులును సిమెంటుతో పూడ్చాలి.

రేకుల, పెంకుల ఇళ్లలో చూరు వెంట రేకు కాలువ ఉంటే అది గొట్టం వైపు పది అడుగులకు అర అంగుళం చొప్పున వాలి ఉండాలి. తుప్పు పట్టిన చోట్లు, వదులైన మేకులు వేసవిలోనే సరిచేయించాలి. రెండు కప్పులు కలిసే మూలలో ఆకులు ఎక్కువగా చేరతాయి. పెంకుల ఇల్లు ఎక్కువగా ఉరిసేది అక్కడే.

నేలకు దిగిన తర్వాత

గొట్టం కింది కొస పునాది పక్కనే ముగిస్తే మట్టి కోసుకుపోతుంది, గోడ అడుగు నానుతుంది. కొసకు ఒక వంపు పెట్టి, నీరు ఇంటికి దూరంగా వాలుగా పోయేటట్టు గచ్చు వేయించాలి. ఆ గొట్టాన్ని మురుగు కాలువకు కలపడం చాలా పట్టణాలలో కనిపించే అలవాటు. భారీ వానలో ఆ కాలువ పొంగితే మురుగు మన స్నానాల గదుల్లోకి, పల్లంలో ఉన్న పొరుగు ఇళ్లలోకి వెనక్కి తన్నుకు వస్తుంది. వాన నీటికి తగిన చోటు ఇంకుడు గుంత. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం కూడా వాన నీటిని ఒడిసిపట్టే ఏర్పాట్ల గురించి చెబుతుంది. వేసవిలో బోరు ఎండిపోయిందని బాధపడే మనం వర్షాకాలంలో వేల లీటర్ల మంచి నీటిని మురుగులో కలపడం విచారకరం.

పొరుగువారి గోడ

కప్పు మీది తూమును అరబ్బీలో మీజాబ్ అంటారు. కాబా గృహం కప్పు మీద పడిన వాన మీజాబ్ గుండా హతీమ్‌లో పడుతుందని హజ్, ఉమ్రా చేసినవారు ఎరుగుదురు. ఉల్లేఖనాలలో మరొక మీజాబ్ ప్రస్తావన ఉంది. హజ్రత్ అబ్బాస్ (ర) ఇంటి తూము నుంచి రక్తం కలిసిన నీరు, జుమా నమాజుకు వెళుతున్న హజ్రత్ ఉమర్ (ర) దుస్తుల మీద పడింది. ఖలీఫా ఆ తూమును తొలగింపజేశారు. దానిని అక్కడ అమర్చినవారు స్వయంగా దైవప్రవక్త (స) అని హజ్రత్ అబ్బాస్ (ర) తెలిపినప్పుడు, తన వీపు మీద ఎక్కి దానిని తిరిగి యథాస్థానంలో పెట్టమని హజ్రత్ ఉమర్ (ర) పట్టుబట్టారు. బాటసారుల ఇబ్బంది, ఇంటి యజమాని హక్కు రెండూ ఒక చిన్న తూము విషయంలో ఎంత గంభీరంగా పరిగణించబడ్డాయో గమనించండి. బాట మీదికి చాచిన తూము వల్ల నష్టం జరిగితే బాధ్యత ఎవరిదన్న చర్చ ఫిఖ్హ్ గ్రంథాలలోనూ ఉంది.

నేడు మన సందులలో ఒక ఇంటి గొట్టం ఎదుటి ఇంటి గడప మీద, పక్క ఇంటి గోడ మీద నీరు చిమ్ముతూ ఉంటుంది. దాని మీద ఏళ్ల తరబడి మాటలు లేని కుటుంబాలు ఉన్నాయి. ఒక వంపు, నాలుగు అడుగుల గొట్టం ఖర్చుతో తీరిపోయే తగవు అది. మన కప్పు మీది నీరు కాలువకో ఇంకుడు గుంతకో చేరేవరకు మన బాధ్యతే.

ఎప్పుడు, ఎవరు

నైరుతి రుతుపవనాలకు ముందు మే చివరి వారంలో ఒకసారి, తుపానుల కాలానికి ముందు సెప్టెంబర్ చివర మరొకసారి, ప్రతి గాలివాన తర్వాత ఇంకొకసారి కప్పును, తూములను శుభ్రం చేయాలి. కాలువలోనో, తూము పల్లంలోనో వారం రోజులు నిలిచిన నీరు డెంగీ దోమలు పెరగడానికి చాలు. అందుచేత వానాకాలంలో వారానికి ఒకసారైనా నిలిచిన నీటిని తుడిచివేయాలి.

ఈ పని పగటిపూట, పొడి వాతావరణంలో, ఇద్దరు కలిసి చేయాలి. ఒకరు నిచ్చెన పట్టుకోవాలి. కరెంటు తీగలు దగ్గరగా ఉన్న చోట ఇనుప నిచ్చెన, ఇనుప కడ్డీ వాడరాదు. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు, కప్పు నాచు పట్టి జారుతున్నప్పుడు ఎవరూ పైకి ఎక్కకూడదు. రేకుల మీద, పాత పెంకుల మీద పిల్లలను ఎక్కించకండి.

ప్రతి మొహల్లాలో ఒంటరిగా ఉంటున్న వితంతువులు, మెట్లెక్కలేని వృద్ధులు ఉంటారు. వారి కప్పు మీద ఏముందో చూసేవారు ఉండరు. మస్జిద్ కప్పును శుభ్రం చేసే రోజునే యువకులు ఇద్దరిద్దరుగా అటువంటి ఇళ్లకు వెళ్లి తూములు తీసి వస్తే ఒక పూటలో పని పూర్తవుతుంది. వాన పడే రాత్రి ఆ ఇళ్లవారు కూడా నిశ్చింతగా నిద్రపోతారు.