సూర్జాగఢ్: కొండెక్కిన సముద్రగర్భం

సిరోంచకు ఉత్తరాన, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఏటాపల్లి తాలూకాలో ఉన్న సూర్జాగఢ్ కొండల్లోని ఇనుపరాయి సముద్రం అడుగున పుట్టింది. ఇలాంటి రాయి ప్రపంచంలో ఎక్కువగా 180 కోట్ల ఏళ్లకు ముందే ఏర్పడింది. ఆనాటి సముద్రపు నీళ్లలో ఇనుము కరిగి ఉండేది. ఎండతో బతికే సూక్ష్మజీవులు వదిలిన ఆక్సిజన్ తగిలి అది తుప్పుగా మారి, సిలికాతో కలిసి పొరలుపొరలుగా అడుగుకు దిగింది. భూమి ముడతలు పడి ఆ పొరలు పైకి లేచాయి. యుగాల తరబడి వాననీరు సిలికాను కడిగేసిన చోట హెమటైట్ అనే ఇనుప ఖనిజం మిగిలింది.

ఈనాటి సముద్రగర్భంలోనూ మన దేశానికి వాటా ఉంది. హిందూ మహాసముద్రం నడిబొడ్డున 75,000 చదరపు కిలోమీటర్లలో లోహపు గడ్డలను అన్వేషించేందుకు 2002లో ఒప్పందం కుదిరింది. అక్కడ నికెల్, రాగి, కోబాల్ట్, మాంగనీస్ ఉన్న గడ్డలు 38 కోట్ల టన్నులని అంచనా. ఒక్కో గడ్డ పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. పెరూ తీరానికి దూరంగా 1989లో పరిశోధకులు సముద్రం అడుగును దున్ని చూశారు. పాతికేళ్లు దాటాక వెళ్లినా ఆ చాళ్లు చెరగలేదు. దేశాల సరిహద్దులకు అవతలి సముద్రగర్భం మానవాళి ఉమ్మడి సొత్తని 1982 నాటి అంతర్జాతీయ సముద్ర చట్టం చెబుతోంది. లాభం పంచాలన్న నియమమూ అందులో ఉంది.

మనుషులెవరూ లేని చోటుకే అంత ఆలోచన! సూర్జాగఢ్‌లో మాడియా గోండులున్నారు. ఆ కొండమీదే వాళ్ల ఠాకూర్‌దేవ్ ఉన్నాడు, ఏటా జాతర జరుగుతుంది. అక్కడ 2007లో దాదాపు 348 హెక్టార్లు లీజుకిచ్చారు. 2016లో తవ్వకం మొదలైంది, ఆ డిసెంబరులోనే మావోయిస్టులు పదుల సంఖ్యలో వాహనాలను తగలబెట్టారు. 2023లో ఏడాదికి కోటి టన్నులు తవ్వేందుకు అనుమతి వచ్చింది.

డబ్బు లెక్క చూడండి. ఇనుప ఖనిజం విలువ వంద రూపాయలైతే రాయల్టీ 15 రూపాయలు, అది రాష్ట్ర ఖజానాకు పోతుంది. 2015కు ముందటి లీజు కాబట్టి రాయల్టీలో 30 శాతం, అంటే నాలుగున్నర రూపాయలు, అదనంగా జిల్లా ఖనిజ నిధికి చేరాలి. ఆ ఊళ్ల తాగునీరు, వైద్యం, చదువుల కోసం పెట్టిన నిధి అదే. అడవి నరికి, దుమ్ము మింగించి, వాగులను ఎర్రబార్చే పనికి ఇది చాలా తక్కువ.

గ్రామసభ మాటకు 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), 2006 నాటి అటవీ హక్కుల చట్టం విలువ ఇచ్చాయి. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో గ్రామసభలను అడిగితే, పన్నెండుకు పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. ఆ కొండ తవ్వలేదు. సూర్జాగఢ్‌లోనూ తవ్వకం పెంచే ముందు ప్రతి గ్రామసభనూ అడగాలి, ఖనిజ నిధి ఖర్చు వాళ్ల తీర్మానంతోనే జరగాలి.