కంప్యూటర్‌ పట్వారీ

టెక్నాలజీకి కులం లేదనే మాట మన చదువుకున్నోళ్లలో కూడా బాగా నాటుకుపోయింది. అసలు ప్రశ్న వేరే: దస్త్రం ఎవరి చేతిలో ఉంది?

తెలంగాణ ప్రభుత్వం 2016లో 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్‌ వ్యవస్థను మొదలుపెట్టింది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను పేరు, చిరునామా లాంటివాటితో పోల్చి ఇది ఒక్కచోట కలుపుతుంది. ఎవరి పేరు మీదన్నా కారు కనబడితే రేషన్‌కు అనర్హులని తేలుస్తుంది. ఒకే పేరున్న ఇద్దరిని ఒక్కరే అనుకుంటే? కారు ఒకరిది, పస్తు ఇంకొకరిది. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగ ఉంటయి. వాటిని రాసింది మనం కాదు.

2014-2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్‌ కార్డులు నోటీసు లేకుండానే రద్దయినయి. ఈ ఏరివేతలో సమగ్ర వేదికనూ వాడుకున్నరు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పట్వారీ దస్త్రంలో ఏం రాసిండో మాల మాదిగలకు తెలిసేది కాదు. అయినా తిట్టుకోవడానికి ఒక మనిషన్నా ఉండేవాడు. 1984లో ఆ వంశపారంపర్య ఉద్యోగాలు పోయినయి. దస్త్రం మీది పెత్తనం మాత్రం పోలేదు. ఇప్పుడు అడిగితే 'సిస్టంల అట్లనే చూపిస్తుంది' అంటరు. కూలి పోగొట్టుకొని, ఆఫీసుల చుట్టూ తిరిగి, నిర్దోషినని రుజువు చేసుకోవాల్సింది పేదోళ్లే.

తిండిని 2013 ఆహార భద్రతా చట్టం హక్కు చేసింది. హక్కును తీసేసేవాడే కారణం చూపాలె. ఏ శాఖ వివరంతో పేరు కొట్టేసిండ్రో ముందే రాసివ్వాలె, ఇంటికొచ్చి విచారించాలె. మన కొట్లాట కంప్యూటర్‌తో కాదు, దాని చాటున జవాబు ఎగ్గొట్టే అధికారంతో.