తాళం బళ్లారిలో... ప్రాణం గుంతకల్లులో!

బళ్లారి: పెళ్లి పిలుపొచ్చినా, చావు కబురొచ్చినా బళ్లారి తెలుగువాళ్ల దారి ఎక్కువగా గుంతకల్లు, అనంతపురం, కర్నూలు వైపే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోగా, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. హద్దు గీశారు గానీ చుట్టరికాలు తెగలేదుగా! పండగొస్తే ఇంటికి తాళం, పక్కింటివాళ్లకు ‘కాస్త చూస్తుండండి’ అన్న మాట. పక్కింటివాళ్లూ ఊరెళ్తే? తాళంకప్ప వేలాడే ఇల్లు దొంగకు శుభలేఖే.

ఈ బెంగకు మందుగా వచ్చినవే వైర్‌లెస్ అలారాలు. గోడ పగలగొట్టి వైర్లు లాగే పని లేదు. అద్దె ఇల్లయినా సరే, ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుని పోవచ్చు. తలుపు రెక్కకు చిన్న అయస్కాంతం, ద్వారబంధానికి స్విచ్చు బిగిస్తారు. గాజు గొట్టంలో రెండు సన్నని రేకులుంటాయి. అయస్కాంతం పక్కనుంటే అవి అతుక్కుంటాయి, తలుపు తెరిస్తే విడిపోతాయి. అంతే! రేడియో సంకేతం లోపలి ప్యానెల్‌కు చేరుతుంది, సైరన్ మోగుతుంది, ప్యానెల్‌లోని సిమ్ నుంచి యజమానికి ఫోన్ పోతుంది. ఈ రీడ్ స్విచ్చును 1936లోనే అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టారు.

రెండోది పీఐఆర్ సెన్సర్. మనిషి ఒంటి వేడి గదిలో కదిలితే పసిగడుతుంది. బళ్లారిలో చిక్కంతా దీనితోనే. ఎండాకాలంలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పగలంతా కాగిన మిద్దె రాత్రి కూడా సెగలు కక్కుతుంటుంది. మూసిన గది వేడి, ఒంటి వేడి దగ్గర దగ్గరగా వస్తే సెన్సర్‌కు తేడా తెలియడం కష్టం. కొనేటప్పుడు ‘టెంపరేచర్ కాంపెన్సేషన్’ ఉందా అని అడగాలి. ఉన్నా దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా వీధి వాకిలికి, పెరటి తలుపుకు, మిద్దె మెట్ల తలుపుకు అయస్కాంతం స్విచ్చులు పెట్టించుకోవడం మేలు. పాత ఇళ్ల మందపాటి రాతి గోడలు రేడియో సంకేతాన్ని మింగేస్తాయి కాబట్టి, ప్యానెల్ ఎక్కడుంటే అన్ని గదుల సంకేతం అందుతుందో చూశాకే బిగించాలి.

ఇక సిమ్ సంగతి. తక్కువ ధర ప్యానెళ్లు చాలావరకు 2జీవే. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే ప్యానెల్ మూగదే.

అసలు చిక్కు ఫోన్ మోగాక మొదలవుతుంది. గుంతకల్లులో ఉన్న మనిషికి బళ్లారి ఇంటి నుంచి అలారం కాల్ వస్తుంది. కంగారులో 112 కొడతారు. ఆ కాల్ వెళ్లేది ఆంధ్రప్రదేశ్ కంట్రోల్ రూముకు! 112కు ఫోన్ చేసిన మనిషి ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి పోలీసులే పలుకుతారు. వాళ్లు కర్ణాటకకు చెప్పేలోగా దొంగ బీరువా ఊడ్చేస్తాడు. అందుకే 08392 కోడ్‌తో సొంత ఠాణా నంబరు ఫోన్‌లో ఉండాలి. అంతకంటే ముందు, బళ్లారిలోనే ఉన్న పక్కవీధి మనిషి నంబరు కూడా ప్యానెల్‌లో ఎక్కించాలి. అతను 112 కొడితే కర్ణాటక పోలీసులే ఎత్తుతారు.

ఆంధ్ర పోలీసులు 2017లో తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి అక్కడి బంధువులు గొప్పగా చెబుతుంటారు. తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెట్టే పద్ధతది. కానీ ఆంధ్ర ఇళ్లకే గానీ ఇక్కడివాళ్లకు వర్తించదు.

పిల్లి దూకినా సైరన్ మోగుతుంటే నాలుగు రోజులకు వీధిలో ఎవరూ పట్టించుకోరు. బిగించిన వారం రోజులు ఇంట్లో ఉండగానే మోగించి చూసుకోవాలి. కరెంటు పోతే ప్యానెల్ బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుందో మెయిన్ ఆపి పరీక్షించాలి. సెన్సర్ల సెల్లులు, సిమ్ రీచార్జి గడువు ప్రయాణానికి ముందురోజే చూసుకుంటే మంచిది.