గని పదాల సేకరణ – పరిశోధన ప్రతిపాదనా రచన

‘సింగరేణి ప్రాంత తెలుగు – సమగ్ర పరిశీలనము’ వంటి శీర్షికతో నిధులను కోరే ప్రతిపాదన పరిశీలకుల ముందు నిలవడం కష్టం. అందులో ప్రాంతం పేరున్నది గాని ప్రశ్న లేదు. గోదావరిఖని భూగర్భగనులలో బొగ్గు నింపిన కార్మికుల వృత్తిపదాలకు పరిమితం చేసినప్పుడే విషయం రూపు కడుతుంది.

పిదప పూర్వకృషిని నిరూపించాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయానికి, రెండవది (1971) చేనేతకు చెందినవి. ఇల్లందులో 1889 నాటికే తవ్వకం మొదలైనా, గనిపదాలు ఆ రెండు సంపుటాల పరిధిలోనివి కావు. ప్రతిపాదనకు ప్రాణం ఈ వెలితియే. తెలుగు వైభవాన్ని కీర్తించే పీఠిక ఎంతమాత్రం కాదు.

త్వర యెందుకో కూడా చెప్పవలసి ఉంటుంది. తట్టా చెమ్మసులతో బొగ్గెత్తే పని యంత్రాల రాకతో వెనుకబడింది. పనిముట్టు పోయిన తరువాత దాని మాటలు విశ్రాంత కార్మికుల నోటనే మిగులుతాయి. గనిని ‘బాయి’ అనడం తెలుగు, ‘సర్దార్’ ఫారసీ, ‘హాలర్’ ఆంగ్లం, ‘చెమ్మసు’ హిందీ ‘చమ్మచ్’ను తలపిస్తుంది. ఒకే పనిచోట ఇన్ని భాషలు ఏ క్రమంలో కలిశాయన్నది మూలప్రశ్న కాదగినది.

వ్యయపట్టిక పద్ధతి నుండే పుట్టాలి. వక్తలెందరు, ధ్వనిముద్రణ ఎన్ని గంటలు, దానిని వ్రాతలో పెట్టడానికెన్ని దినాలు అన్న లెక్క లేనిదే ఏ అంకెకూ విశ్వాసం చేకూరదు. పదవీవిరమణానంతరం స్వగ్రామాలకు మరలినవారిని వెదకవలసి ఉంటుంది కనుక ప్రయాణవ్యయం పెరుగుతుంది. ఆ కారణాన్ని అంకె ప్రక్కనే వ్రాయడం మేలు.