అమ్మ మోకాలు ఎంత వంగింది? డెప్త్ కెమెరా లెక్కని నమ్మొచ్చా?

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మకి ఫిజియో ఇచ్చిన ముఖ్యమైన వ్యాయామం, కుర్చీలో కూర్చుని కాలు మెల్లగా వెనక్కి మడవడం. "నిన్నటికన్నా ఎక్కువ వంగిందేంట్రా?" అని రోజూ అడిగేది. కంటితో చూసి ఏం చెప్తాం? అందుకే బీరువాలో పడున్న పాత డెప్త్ కెమెరాని ల్యాప్‌టాప్‌కి తగిలించాను.

ఎలా కొలుస్తుంది?

మామూలు కెమెరా రంగుల్ని పట్టుకుంటే, డెప్త్ కెమెరా దూరాన్ని పట్టుకుంటుంది. 2010లో వచ్చిన మొదటి కైనెక్ట్ గదంతా ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లి, అవి ఎంత పక్కకి జరిగాయో చూసి దూరం లెక్కగట్టేది. 2013 నాటి రెండో కైనెక్ట్‌ది టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతి. అంటే కాంతి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి 512×424 పిక్సెల్స్‌లో ఒక్కోదానికీ దూరం ఇస్తుంది. అందులోంచి సాఫ్ట్‌వేర్ 25 జాయింట్లు గుర్తిస్తుంది.

మనకి కావాల్సినవి మూడే: తుంటి, మోకాలు, చీలమండ. మోకాలి దగ్గర తొడ గీతకీ, కింది కాలి గీతకీ మధ్య కోణాన్ని 180 నుంచి తీసేస్తే, ఎన్ని డిగ్రీలు వంగిందో తెలిసిపోతుంది.

నేను చేసిన తప్పు

మొదటి రోజు స్క్రీన్ మీద 97 పడింది. అమ్మ మొహం వెలిగిపోయింది. మర్నాడు ఫిజియో గోనియోమీటర్ పెట్టి కొలిస్తే 84! అమ్మ ఇంకేం మాట్లాడలేదు. తప్పంతా నా సెటప్‌దే.

• కెమెరాని ఎదురుగా పెట్టాను. కూర్చున్న మనిషి తొడ కెమెరా వైపే ఉంటుంది కాబట్టి తుంటి మోకాలి వెనక దాక్కుంటుంది. కనపడని జాయింట్‌ని సాఫ్ట్‌వేర్ ఊహించేస్తుంది.

• అమ్మ చీరలో ఉంది. కెమెరాకి కనిపించేది బట్టే, కాలు కాదు. 40 సెంటీమీటర్ల కింది కాలికి చీలమండ పాయింట్ 3 సెంటీమీటర్లు పక్కకి జరిగినా, సుమారు 4 డిగ్రీలు తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడెలా చేస్తున్నాం?

పూర్తిగా పక్కనుంచి చూస్తే రెండు కాళ్లూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. అందుకే ఆపరేషన్ అయిన కాలి వైపు ఏటవాలుగా, రెండు మీటర్ల దూరంలో పెట్టాను. రోజూ అదే కుర్చీ, నేల మీద టేప్ వేసిన అదే చోటు, ఒంటికి పట్టి ఉండే ట్రాక్ ప్యాంట్. ఐదుసార్లు మడిచాక సగటు తీస్తాను. పడుకుని చేసే వ్యాయామాల్ని మాత్రం కొలవడం మానేశాను. అక్కడ కాలు, పరుపు కలిసిపోతున్నాయి.

నా మాట

వారం వారం మెరుగవుతోందా లేదా చూసుకోవడానికి ఇది బాగానే పనికొస్తుంది. అసలు డిగ్రీలకి మాత్రం గోనియోమీటరే. ఇంకా ఎంత వంచొచ్చో చెప్పాల్సింది ఫిజియోనే, ఎందుకంటే నొప్పి ఏ కెమెరాకీ కనపడదు. స్క్రీన్ మీంచి అంకె తీసేసి గ్రాఫ్ ఒక్కటే ఉంచాను. అమ్మ ఇప్పుడు "గీత పైకెళ్లిందా?" అని అడుగుతోంది.