బంతియాట నేర్పిన బడిపంతులు

సాయంకాలము మన బాలురు పెన్న యిసుకలో బంతి తన్నుచుండగా పలుమాఱులు చూచితిని. బంతి యెడమ ప్రక్కకు వచ్చెనా, దానిని కుడికాలికి తెచ్చుకొనుటకై వారు శరీరమంతయు త్రిప్పుదురు. ఆలోపల నెదుటివాడు దానిని కొనిపోవును. ఈ లోపమును కుదుర్చుటకై హైదరాబాదునందొక ఉపాధ్యాయుడు వింత పందెములు పెట్టించెడివాడు. కుడికాలి వాటము గలవారు వానిలో ఎడమకాలితోనే తన్నవలెను.

ఆయనయే సయ్యదు అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టున ఫుట్‌బాలు ఆడెను. పట్టము పొంది పాఠశాలలలో ఉపాధ్యాయుడై, పిమ్మట వ్యాయామవిద్యలో డిప్లొమా గైకొనెను. ఆటగాడుగా కంటె శిక్షకుడుగానే ఆయనకు పేరు వచ్చినది. ఆట వలన చదువు చెడునని నాతో చెప్పు తల్లిదండ్రులకు నేనీయన పేరే చెప్పుదును.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు గెలిచెను. ఆయన బోధన యేమనగా: మనుష్యుని కంటె బంతి వేగముగా పరుగెత్తును, కావున దానిని కాలియొద్ద నుంచుకొని నైపుణ్యము చూపుటకంటె, ఒకటి రెండు తాకులలోనే తోడివానికి అందించుట మేలు. అట్లు చేయుటకు రెండు కాళ్లును సమానముగా పనిచేయవలెను గదా! అమ్ముగూడకు చెందిన పేదబాలుడు తులసీదాసు బలరామునకు సైకిలు అద్దెకై దినమునకొక రూపాయి తానే యిచ్చి అభ్యాసమునకు రప్పించెనని చెప్పుదురు.

భారత జట్టు కూడ ఆయన చేతికే వచ్చెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణము గైకొనిరి. మఱుసటి యేడే హెల్సింకిలో, పలువురు బూట్లు లేకయే యాడగా, యుగోస్లావియా మనలను 10–1తో ఓడించెను. అవమానమే, కాని ఆయన పని మానలేదు. 1956లో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి మన జట్టు నాల్గవ స్థానము నందెను. బలరాము ఆ జట్టులోని వాడే.

1962లో జకార్తాలో తొలి యాటయే దక్షిణ కొరియాకు పోయెను. వెనుక నిలిచి కాచు జర్నెయిల్ సింగునకు థాయిలాండుతో ఆడునపుడు తల పగిలి కుట్లు పడెను. రహీము సాహెబు అతనిని మానిపింపక, ముందువరుసకు మార్చెను. జ్వరము నుండి లేచిన తంగరాజును అంత్యపోటీలో గోలు కాయ నిలిపెను. ప్రేక్షకులు మనవారికి ప్రతికూలురై కేకలు వేయుచుండిరి. ఎదుట నిలిచినది మరల ఆ దక్షిణ కొరియాయే. పి.కె. బెనర్జీ యొక గోలును, తలకట్టుతో నున్న జర్నెయిలు మఱియొకటియు వేసిరి, 2–1.

మఱుసటి సంవత్సరము జూనులో రహీము సాహెబు రాచపుండు వ్యాధితో మరణించెను. అప్పటికాయన వయస్సు 53 ఏండ్లు. తరువాత 2023 వఱకు జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టునకు ఫుట్‌బాలు స్వర్ణము మరల లభింపలేదు.